ఏజెంట్‌కి 'కౌంట్' అర్థమయ్యేలా టూల్ వివరణ ఎలా రాయాలి?

భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతులకి ధర చెప్పే టూల్ (చిన్న ప్రోగ్రామ్) ఇది. రైతు మాట విని, టూల్ వివరణ చదివి దాన్ని పిలిచేది ఏఐ ఏజెంట్. ఇన్‌పుట్లు రెండే: కౌంట్, తేదీ. చిక్కంతా కౌంట్ దగ్గరే. కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో అదే కౌంట్. 40 కౌంట్‌కి ఒక్కోటి 25 గ్రాములు, 100 కౌంట్‌కి 10 గ్రాములే. సంఖ్య పెరిగేకొద్దీ రొయ్య చిన్నది, ధర తక్కువ.

స్కీమాలో (ఏ ఇన్‌పుట్ ఎలా ఇవ్వాలో ఏజెంట్‌కి చెప్పే చోట) "కౌంట్: ఇంటిజర్", అంటే పూర్ణసంఖ్య, అని మాత్రమే ఉంటే, "100 కిలోలు పట్టాం, 40 కౌంట్" అన్న రైతు మాటకి ఏజెంట్ 100 పంపేస్తోంది. టూల్ ఎర్రర్ ఇవ్వదు, 100 కౌంట్ ధర చెప్పేస్తుంది. రైతు నష్టపోయేది అక్కడే.

ఫీల్డ్ పేరు "కిలోకి_రొయ్యలు" అని మార్చి, వివరణలో "ఇది బరువు కాదు" అని చేర్చాక చాలావరకు దారికొచ్చింది. తేలనివి రెండు. ధర లేని తేదీకి ఖాళీ లిస్టు వస్తే ఏజెంట్ సున్నా రూపాయలంటోంది. "ఆ రోజు ధర నమోదు కాలేదు, ముందు రోజుది అడుగు" అని ఎర్రర్‌లో రాయాలా, టూల్ వివరణలోనా? టూల్‌ని ఎలా పిలవాలో చూపే ఉదాహరణ కాల్స్ వివరణలో ఎన్ని పెట్టాలి? ఒక్కటే పెడితే అందులోని 40నే కాపీ కొడుతోంది.

పరీక్షించి చూసినవాళ్లు దయచేసి చెప్పండి. మీరు వాడుతున్న వివరణ ఉన్నదున్నట్టు పెడితే ఇంకా మేలు.