ఇరవై కిలోమీటర్లు పోగానే బండి ఆగిపోతోంది, పది నిమిషాలు ఆగితే మళ్లీ స్టార్ట్. మెకానిక్ చేతులెత్తేశాడు

కొల్లేటికొంగ:

అన్నలూ, తల పట్టుకుని కూర్చున్నా. 2013 మోడల్ వంద సీసీ బండి, కార్బురేటర్ది, నాన్నగారిది, ఇప్పుడు నేను తోలుతున్నా. పని మీద వారానికి రెండుసార్లు ఏలూరు నుంచి ద్వారకా తిరుమల పోవాలి. సరిగ్గా భీమడోలు దగ్గరికి వచ్చేసరికి గొంతు పట్టేసినట్టు అయిపోతుంది, యాక్సిలరేటర్ ఇచ్చినా లాగదు, రెండుసార్లు దగ్గి ఆగిపోతుంది. చోక్ వేసి కిక్కులు కొడితే ఒక్క సెకను పలికి మళ్లీ చస్తుంది. విసుగొచ్చి టీ కొట్టు దగ్గర ఓ పది నిమిషాలు కూర్చుని వచ్చి కొడితే ఏమీ ఎరగనట్టు ఒక్క కిక్కుకే స్టార్ట్! కాసేపు పోయాక మళ్లీ అదే వరస.

మెకానిక్ ప్లగ్ మార్చాడు, కార్బురేటర్ రెండుసార్లు విప్పి కడిగాడు, కాయిల్ వేడెక్కుతోందేమో అని అదీ మార్పించాడు. మొత్తం 1,900 వదిలింది. ఇప్పుడేమో ఇంజను విప్పుదాం అంటున్నాడు. టౌనులో తిరిగితే ఏ గొడవా లేదు. ఇంకో వింత ఏంటంటే ఫుల్ ట్యాంక్ కొట్టించిన రోజే తొందరగా ఆగుతోంది, పెట్రోలు అడుగంటాక బాగానే పోతోంది. కల్తీ అనుకుని బంకు కూడా మార్చా. జూన్‌లో ట్యాంక్ మూతలో తాళంచెవి విరిగిపోతే రోడ్డు పక్క షాపులో కొత్త మూత వేయించా, అది తప్ప ఈ ఏడాది బండికి చేసిందేమీ లేదు. నిజంగా ఇంజను విప్పించాలంటారా?

పాతబండి_బాబాయ్:

తమ్ముడూ, చివర్లో కొత్త మూత సంగతి మాటవరసకి రాసేశావు చూడు, దొంగ అక్కడే ఉన్నాడు. ఇంజను జోలికి పోకు.

నూనె డబ్బా తెరిచేటప్పుడు ఇంట్లో ఏం చేస్తారు? రెండు కన్నాలు పెడతారు, ఒకటి నూనె రావడానికి, ఇంకోటి గాలి పోవడానికి. ఒక్కటే పెడితే గుబుక్ గుబుక్ అని కాస్త పోసి ఆగిపోతుంది. నీ ట్యాంకూ అంతే. కింద పెట్రోలు దిగిన కొద్దీ పై నుంచి అంత గాలి లోపలికి రావాలి, ఆ గాలికి దారి మూతలోనే ఉంటుంది. నీ డూప్లికేటు మూతకి ఆ కన్నం పెట్టడం మర్చిపోయి ఉంటారు, లేదా పూసుకుపోయి ఉంటుంది. ఫుల్ ట్యాంక్ రోజునే ఎందుకు ఆగుతోందంటే, అప్పుడు పైన గాలి ఉన్న జాగా చాలా తక్కువ, కొంచెం పెట్రోలు దిగినా లోపల పీడనం గట్టిగా పడిపోతుంది. సగం ఖాళీగా ఉంటే అంత తొందరగా పడదు. నువ్వు టీ తాగే లోపు మూత కింద ఉండే రబ్బరు వాషర్ సందుల్లోంచి గాలి మెల్లగా దూరుతుంది, అందుకే మళ్లీ స్టార్ట్.

ఈసారి ఆగినప్పుడు చోక్ ముట్టుకోకు, కిక్కు కొట్టకు. చెవి దగ్గర పెట్టి మూత తియ్యి. స్స్.. మని లోపలికి పీల్చుకుని, వెంటనే బండి స్టార్ట్ అయితే కేసు క్లోజ్.

స్పానర్_సుందరం:

బాబాయ్ చెప్పింది నూటికి నూరుపాళ్లు. పదిహేనేళ్లుగా షెడ్డు నడుపుతున్నా, ఈ కంప్లైంటుతో కార్బురేటర్లు మార్పించుకుని వచ్చినవాళ్లు బోలెడు మంది. ఇప్పుడు ఎవడో ఒకడు వచ్చి మూతకి డ్రిల్లుతో చిన్న కన్నం కొట్టు అంటాడు, వినకు. ఒరిజినల్ మూతలో గాలి దారి తిన్నగా ఉండదు, మెలికలు తిరిగి ఉంటుంది, కొన్నిట్లో చిన్న వాల్వు కూడా. గాలి పోవాలి, వాన నీళ్లు పోకూడదు, బండి పడితే పెట్రోలు బయటికి చిమ్మకూడదు, అందుకు అంత తతంగం. తిన్నగా కన్నం పెడితే మొదటి వానకే నీళ్లు దిగుతాయి. ట్యాంకు మీద మూత ఉండగానే డ్రిల్లు పెట్టేవాళ్లనీ చూశా, ఆవిరి మీద నిప్పురవ్వ పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇంకోటి, మూత చుట్టూ గుంటలో ఒక చిన్న రంధ్రం ఉంటుంది చూడు, అది గాలికి కాదు, వాన నీళ్లు పోవడానికి. ట్యాంకులోంచే ఒక సన్న గొట్టం కింద దాకా వెళ్తుంది, అడుగున రబ్బరు పైపు వేలాడుతూ ఉంటుంది. మట్టి పట్టి అది మూసుకుపోతే నీళ్లు గుంటలో నిలబడి, వాషర్ కాస్త గట్టిపడ్డా చాలు, ట్యాంకులోకే. సైకిల్ పంపుతో గాలి కొట్టించు. గుండుసూదితో గెలకొద్దు, లోపల గొట్టం తుప్పు పట్టి ఉంటే చిల్లు పడుతుంది, ఆ పైన పెట్రోలు అక్కడి నుంచే కారడం మొదలు.

ట్రాక్టర్_తమ్ముడు:

మా ఊళ్లో మూత పోతే మూత కొనరండీ, పాలిథిన్ కవరు కప్పి రబ్బరు బ్యాండు వేస్తారు, లేదా పాత పంచె ముక్క కుక్కుతారు. మా ట్రాక్టరుకి రెండు నెలలు గుడ్డే మూత. ఆ పోగులూ దుమ్మూ అన్నీ డీజిల్ ఫిల్టర్లోకి పోయి నాట్ల టైములో పొలం మధ్య ఆగింది, మా నాన్న తిట్టిన తిట్లు ఇప్పటికీ గుర్తే.

వాషర్ సంగతి కూడా అడుగుదామనుకున్నా. బండికి వాషర్ పోతే సైకిల్ ట్యూబు గుండ్రంగా కోసి వేశా, నెల తిరక్కుండా ఉబ్బిపోయి మూత పట్టట్లేదు. ఎందుకలా?

స్పానర్_సుందరం:

ట్యూబు రబ్బరు పెట్రోలుకి ఆగదు తమ్ముడూ, పీల్చుకుని ఉబ్బుతుంది, తర్వాత మెత్తబడి ముక్కలు ఊడతాయి. పెట్రోలుకి ఆగే నైట్రైల్ రబ్బరుది అడుగు, సైజు కోసం పాతది పట్టుకెళ్లు. ఫుల్ ట్యాంకులో సడన్ బ్రేకు వేసినప్పుడు మూత చుట్టూ తడి కనిపిస్తే వాషర్ అయిపోయినట్టే.

ఇప్పుడు వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు కదా, నీళ్లంటే ఇంకా జాగ్రత్త. ఇథనాల్ నీళ్లని లాక్కుంటుంది, హద్దు దాటాక రెండూ కలిసి విడిపోయి అడుగుకి దిగుతాయి. పెట్రోలు పైపు లాగేదీ అడుగు నుంచే. అనుమానం ఉంటే కాస్త పెట్రోలు గాజు సీసాలో పట్టి కదపకుండా పెట్టండి, అడుగున వేరే పొర కనిపిస్తే ట్యాంకు దింపి ఖాళీ చేయాల్సిందే.

డాలస్_బావ:

ఇక్కడ అమెరికాలో కార్ల మూత కథ ఇంకో రకం, అక్కడ గాలి పోక ఇబ్బంది, ఇక్కడ ఆవిరి బయటికి పోతే ఇబ్బంది. పోయిన నెల గ్యాస్ (ఇక్కడ పెట్రోలుని అలాగే అంటారు) కొట్టించి మూత సరిగ్గా తిప్పకుండా వచ్చేశా, రెండు రోజులకి చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. టెన్షన్ పడి స్కానర్ పెట్టిస్తే పి0457 అని కోడ్, అంటే మూత వదులు. టక్ టక్‌మని వినిపించేదాకా తిప్పా, అయినా లైటు వెంటనే పోలేదు, నాలుగైదు రోజులు తిరిగాక దానంతట అదే ఆరింది. ఇక్కడ మా కౌంటీలో రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి పొగ టెస్టు పాసవ్వాలి, లైటు వెలుగుతూ ఉంటే ఫెయిలే. తెలివిగా స్కానర్‌తో కోడ్ చెరిపేసి వెళ్లినా పనవ్వదు, కారు తన చెకింగులు మళ్లీ పూర్తి చేసుకునేదాకా టెస్టు ఒప్పుకోరు.

పాతబండి_బాబాయ్:

మన దగ్గర బీఎస్-6 (కొత్త కాలుష్య నిబంధనల) బండ్లలోనూ ఆ ఆవిరిని పట్టే బొగ్గు డబ్బా ఉంటుంది బావా. అందుకే బంకులో నాజిల్ టక్‌మని ఆగాక ‘ఇంకో పది రూపాయలకి కొట్టు’ అని మెడ దాకా నింపించొద్దు, పెట్రోలు ఆ డబ్బాలోకి పోతే పాడవుతుంది. తమ్ముడి 2013 బండికి ఆ బాధ లేదులే. తాళంచెవి విరిగిందన్నావు, ఆ తాళంలో కొబ్బరినూనె పోశారా? చాలామంది పోస్తారు, దుమ్ము పట్టి ముద్దయిపోతుంది. పెన్సిల్ ములికి పొడి చేసి ఊదితే చాలు.

కొల్లేటికొంగ:

బాబాయ్, దండం! నిన్న ఫుల్ ట్యాంక్ కొట్టించి కావాలనే బయల్దేరా. భీమడోలుకి ఇంకా ముందే ఆగింది. మూత తిప్పగానే స్స్.. అని అంత శబ్దం వచ్చింది, పక్కన కొబ్బరిబొండాలు కొట్టే ఆయన కూడా తిరిగి చూశాడు. ఒక్క కిక్కుకే స్టార్ట్. మిగతా దారంతా నెమ్మదిగా, మధ్యమధ్యలో ఆగి మూత తీసి పెడుతూ పోయా. డూప్లికేటు మూత వెనక్కి తిప్పి చూస్తే కన్నం ఉన్నట్టు అచ్చు పోశారు గానీ లోపలికి తెరుచుకోలేదు. ఆ కొబ్బరినూనె పోసింది కూడా నేనే, ఒప్పుకుంటున్నా.

ఇవాళ బెజవాడ ఆటోనగర్‌లో ఒరిజినల్ మూత 420కి దొరికింది. తాళంచెవి వేరే వచ్చింది, ఇంజనుకి ఒకటి, ట్యాంకుకి ఒకటి. మొత్తం లాక్ సెట్ మార్చమన్నారు గానీ, తాళాలు చేసే ఒకాయన పాత చెవికే సరిపోయేలా లోపలి రేకులు సర్ది ఇస్తానన్నాడు, రేపు తీసుకెళ్లాలి. నాన్నగారు మాత్రం ఆ డూప్లికేటు మూతని పారేయనివ్వట్లేదు, డబ్బులు పెట్టి కొన్నాం కదా, ఎప్పుడన్నా పనికొస్తుందట.