‘నాక్షియస్’ అంటే విషపూరితమనేనా?

పర్లాకిమిడి పాఠకుడు:
వయ్యారిభామ కలుపు గురించిన ఒక ఆంగ్ల కరపత్రాన్ని మా గజపతి జిల్లా తెలుగు రైతుల కోసం అనువదిస్తున్నాను. అందులో ఆ మొక్కను ‘నాక్షియస్ వీడ్’ అన్నారు. నేను ‘విషపు కలుపు’ అని రాయగా, ముట్టుకుంటేనే ప్రాణం పోతుందన్న భయం కలుగుతుందని మా ఊరి పెద్దలొకరు అభ్యంతరం చెప్పారు. ఈ మాటకు సరైన అర్థమేమిటో, ఇది ఎక్కడినుంచి వచ్చిందో, ‘పెర్నిషియస్’కూ దీనికీ తేడా ఏమిటో దయచేసి తెలుపగలరు.

గుణుపురం ఉపాధ్యాయురాలు:
ఆ పెద్దల మాట సబబే. ‘నాక్షియస్’ అంటే హాని చేసేదని అర్థమే కాని, ఆ హాని విషం వల్లనే కలగాలన్న నియమం లేదు. వయ్యారిభామ తగిలితే కొందరికి చర్మంపై దద్దుర్లు లేస్తాయి, దాని పుప్పొడి పీలిస్తే కొందరికి ఉబ్బసం రేగుతుంది, పైరుకు అందవలసిన నీటినీ సారాన్నీ అది లాగేసుకుంటుంది. ఇన్ని విధాల కీడునూ ఒక్క విశేషణంలో చెప్పడానికే ఆ మాట వాడారు. అమెరికాలో 1974లో వచ్చిన కలుపు మొక్కల చట్టం పేరులోనే ఈ పదం ఉంది. ‘హానికర కలుపు’ అని రాయండి.

జయపురం పాఠకుడు:
దీని మూలం లాటిన్‌లో హాని అనే అర్థమున్న ‘నాక్సా’. హాని చేయడమనే అర్థంగల ‘నొకేరే’ అనే క్రియ నుంచే, హాని చేయనివాడన్న భావంతో, ‘ఇన్నోసెంట్’ పుట్టింది. మనం రోజూ వాడే ‘న్యూసెన్స్’ కూడా ఫ్రెంచి మీదుగా అక్కడినుంచే వచ్చింది. ఇంకా వెనక్కి వెళితే, మన ‘నాశనం’, ‘నశ్వరం’ మాటలకు ఆధారమైన సంస్కృత ‘నశ్’ ధాతువును భాషావేత్తలు ఇదే కుదురుకు చేరుస్తారు. ఇంత దగ్గరి చుట్టరికం ఉన్నందుకు నాకు ఎంతో సంతోషంగా ఉంటుంది.

‘పెర్నిషియస్’ లాటిన్‌లో చావును సూచించే ‘నెక్స్’ నుంచి వచ్చింది. పైకి తెలియకుండా లోలోపల చెరిచే అలవాట్లకూ, ప్రచారాలకూ, వ్యాధులకూ అది తగును. ‘పెర్నిషియస్ అనీమియా’ అనే రక్తహీనతకు కాలేయాహారం పనిచేస్తుందని 1926లో అమెరికా వైద్యులు మైనట్, మర్ఫీ ప్రకటించేవరకు అది ప్రాణాంతకమే.

పర్లాకిమిడి పాఠకుడు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ‘నాక్షియస్ ఫ్యూమ్స్’ అన్నచోట ‘దుర్వాసనగల పొగలు’ అనవచ్చునా?

గుణుపురం ఉపాధ్యాయురాలు:
అనకూడదండీ. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనే లేదు, అయినా అది ప్రాణం తీస్తుంది. కంపును చెప్పే మాట ‘నాయ్‌సమ్’, అది వేరు. కరపత్రంలో ‘హానికరమైన పొగలు’ అనే ఉంచండి.