లాకుల రూల్సు రాసిపెట్టమన్నారు, ఏం రాయాలి? (లినక్స్ డ్రైవర్)

అమలాపురం నుంచి ప్రశ్న:
రొయ్యల చెరువు గట్టు మీద పెట్టే బోర్డుకి డ్రైవర్ రాస్తున్నామండి, ముగ్గురం. నీళ్లలో ఆక్సిజన్ చదివే సెన్సర్, ఏరేటర్లకి రిలేలు. ఒకే డేటాని ఒకేసారి ఇద్దరు ముట్టకుండా సెట్టింగులకి ఒక మ్యూటెక్స్ (దొరికేదాకా నిద్రపోయి ఆగే లాక్), రీడింగుల బఫర్‌కి ఒక స్పిన్‌లాక్ (నిద్రపోకుండా తిరుగుతూ ఆగే లాక్) పెట్టాం. ఎవరికి తోచినట్టు వాళ్లు వాడేస్తున్నాం. రెండు మూడు రోజులకోసారి బోర్డు బిగుసుకుపోతోంది. మా సారేమో లాకుల రూల్సు కాగితం మీద పెట్టమన్నారు. "జాగ్రత్తగా లాక్ వేయాలి" అని రాశాక ఇంకేం రాయాలో తోచట్లేదు.

కాకినాడ నుంచి జవాబు:
ముందు ఆ వాక్యం కొట్టేయండి. ఏ లాక్ ఏ డేటాకి కాపలానో రాయండి, అదీ వేరే ఫైల్లో వద్దు, స్ట్రక్చర్‌లో ఆ లాక్ పక్కనే కామెంట్‌గా.

తర్వాత, దాన్ని ఎక్కడి నుంచి తీసుకుంటారో రాయండి. మీ బిగుసుకుపోవడం ఇక్కడే ఉందని నా అనుమానం. ఇంటరప్ట్ హ్యాండ్లర్ (హార్డ్‌వేర్ పిలవగానే, నడుస్తున్న కోడ్‌ని ఆపి నడిచేది) కూడా ఆ బఫర్ ముడుతుంది కదా? మామూలు కోడ్ స్పిన్‌లాక్ పట్టుకుని ఉండగా అదే కోర్ మీద ఇంటరప్ట్ వస్తే హ్యాండ్లర్ ఆ లాక్ కోసం తిరుగుతూనే ఉంటుంది, వదలాల్సినవాడికేమో నడిచే అవకాశమే రాదు. అందుకే మామూలు కోడ్‌లో ఐఆర్‌క్యూ సేవ్ రకమే (లాక్ ఉన్నంతసేపు ఆ కోర్ మీద ఇంటరప్ట్‌లు ఆపేది) వాడాలని రాయాలి. వేరే కోర్ మీద వస్తే కాసేపు ఆగి ముందుకెళ్లిపోతుంది, కాబట్టి రోజూ కనపడదు.

వరస కూడా రాయండి: ముందు మ్యూటెక్స్, లోపల స్పిన్‌లాక్. తిరగేస్తే డెడ్‌లాక్ (ఒకరి లాక్ కోసం ఒకరు ఆగిపోవడం) ఒక్కటే కాదండి, మ్యూటెక్స్ నిద్రపోవచ్చు, స్పిన్‌లాక్ పట్టుకుని నిద్రపోకూడదు. మన కాలవ లాకుల దగ్గర పడవ లోపలికొచ్చి పై తలుపు మూశాకే కింది తలుపు తీసేవారు, ఆ వరస లస్కర్ (కాలవ కాపలాదారు) ఇష్టాన్ని బట్టి మారేది కాదు.

భీమవరం నుంచి:
కామెంట్లు ఎవడు చదువుతాడండీ. లాక్ పట్టుకున్నాకే పిలవాల్సిన ఫంక్షన్ మొదటి లైన్లో లాక్‌డెప్ అసర్ట్ హెల్డ్ (లాక్ పట్టుకోకుండా పిలిస్తే హెచ్చరించేది) పెట్టండి. లాక్‌డెప్ అంటే లాకుల తప్పులు పట్టే కెర్నెల్ సాధనం. టెస్ట్ కెర్నెల్లో ప్రూవ్ లాకింగ్ (లాకుల వరస చూసేది), డీబగ్ అటామిక్ స్లీప్ (నిద్రపోకూడని చోట నిద్రపోతే చెప్పేది) రెండూ ఆన్ చేయండి. డెడ్‌లాక్ నిజంగా పడక్కర్లేదు, ఒక దారిలో ఒక వరస, ఇంకో దారిలో తిరగేసిన వరస కనిపిస్తే చాలు, లాక్‌డెప్ అరుస్తుంది. చెరువు గట్టు మీదికి పంపే బోర్డులో మాత్రం ఆపేయండి, బాగా నెమ్మదిస్తుంది.

అమలాపురం:
ఐఆర్‌క్యూ సేవ్‌కి మార్చి, ఆ రెండూ ఆన్ చేసి చూశానండి. పది నిమిషాలకే ఇంకోటి దొరికింది. స్పిన్‌లాక్ లోపల సెన్సర్‌ని ఐ2సీ (సెన్సర్‌ని బోర్డుకి కలిపే రెండు తీగల లైను) మీద చదువుతున్నాడు మావాడు!

కాకినాడ:
ఆయ్, ఐ2సీ ట్రాన్స్‌ఫర్ నిద్రపోతుందండి. చదవడం బయట పెట్టి, విలువని బఫర్లో వేసేటప్పుడు మాత్రమే లాక్ వేయండి. కామెంట్లో కూడా "దీని లోపల ఐ2సీ వద్దు" అని ఆ మాటే రాసేయండి.