చాపెక్‌కి పత్రిక ఉద్యోగం వరమా, గుదిబండా?

పాతచొక్కా:
చెక్ రచయిత కారెల్ చాపెక్ 1921 నుంచి 1938లో చనిపోయేదాకా చెక్ దినపత్రిక ‘లిదోవె నోవిని’లోనే ఉన్నాడు. తోటపని, కుక్కపిల్లలు, ప్రయాణాలు, అధ్యక్షుడు మసారిక్‌తో కబుర్లు... రాయని విషయం లేదు. సైన్స్ ఫిక్షన్ నవలలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ ఉద్యోగమే ఆయన్ని తినేసిందని నా వాదన. 1922 నాటి నవల చూడండి, ‘పరబ్రహ్మ ఫ్యాక్టరీ’ అనుకుందాం. పదార్థాన్ని పూర్తిగా మండించే యంత్రం. పదార్థం కాలిపోతే అందులో ఉన్న దైవం బయటికొచ్చి, చుట్టుపక్కల వాళ్లందరికీ భక్తి పట్టుకుంటుంది. ఎంత ఊహ! సగం దాటాక కథ చెదిరిపోయింది. పేపర్లో సీరియల్‌గా రాస్తే అంతే మరి.

రాత్రిషిఫ్ట్:
ఆ రెండో సగం గురించి మీతో గొడవ లేదండీ. కానీ 1936 నాటి ‘సాలమాండర్లతో యుద్ధం’ మాటేమిటి? అదీ అదే పేపర్లో సీరియలే. సాలమాండర్లంటే బల్లిలా ఉండే నీటిజీవులు; కథలో మనుషులు వాటిని పనికి పెట్టుకుంటే, చివరికి అవి మనుషుల మీదికే వస్తాయి. అందులో పొవొండ్రా అని ఒక పెద్దింటి నౌకరు, తలుపు తీసే మనిషి. సాలమాండర్ల మీద వచ్చిన ప్రతి వార్తా కత్తిరించి దాస్తుంటాడు. రెండో భాగమంతా ఆ కట్టింగులే: సభల రిపోర్టులు, ప్రకటనలు, పేజీని మింగేసే ఫుట్‌నోట్లు, రకరకాల అచ్చు అక్షరాలు. ముప్పు ముంచుకొస్తున్నా ఎవరికీ పట్టదు, ఎందుకంటే అది రోజుకో చిన్న ఐటమ్‌గా వస్తుంది. నేను కొన్నేళ్లు డెస్క్‌లో పనిచేశాను. లోపలి పేజీలో నాలుగు లైన్లకు కుదించిన వార్త ఏడాది తర్వాత మొదటి పేజీకెక్కడం చూశాను. ఆ కిటుకు బయటివాడికి దొరకదు.

కుంచె:
రోబో సంగతి ఎవరూ ఎత్తలేదే! ఆ మాట పుట్టింది చాపెక్ 1920 నాటి నాటకం ‘ఆర్.యు.ఆర్.’లోనే. అందులో కృత్రిమ కార్మికులకు ‘లాబోరి’ అని పెడదామనుకుని, నచ్చక తన అన్న యోజెఫ్‌ని అడిగాడు. బొమ్మ వేస్తున్న ఆయన నోట్లో కుంచె తియ్యకుండానే ‘రోబోట్లు అను’ అని గొణిగాడట. చెక్‌లో ‘రొబోత’ అంటే వెట్టిచాకిరి. ఆ మాట తనది కాదు, తన అన్న యోజెఫ్‌ది అని 1933లో తన పేపర్లోనే రాసుకున్నాడు చాపెక్. (అన్నట్టు, నాటకంలో అవి ఇనప బొమ్మలు కావు, రసాయన ముద్దతో చేసిన మనుషుల్లాంటివి.)

పాతచొక్కా:
చూశారా, నాటకం 1920. ఈ పేపర్‌లో చేరకముందే!

రాత్రిషిఫ్ట్:
అప్పటికే ఇంకో పేపర్లో ఉన్నాడు సార్, 1917 నుంచి.

పాతచొక్కా:
సరే, ఆ పాయింటు మీదే. అయినా కట్టింగుల భాగంలో మనుషులే కనబడరు. నేను రెండుసార్లు మధ్యలో ఆపేశాను.

రాత్రిషిఫ్ట్:
ఆపకండి. చివర్లో ముసలి పొవొండ్రా కొడుకుతో కలిసి ప్రాగ్‌లో చేపలు పడుతుంటే వల్తావా నదిలో ఒక నల్లటి తల తేలుతుంది. సాలమాండర్! సాలమాండర్లను మొదట కనిపెట్టిన ఓడ కెప్టెన్ ఒకప్పుడు తన యజమానిని కలవడానికి వచ్చాడు కదా, ‘ఆ రోజు కెప్టెన్‌ని లోపలికి రానిచ్చింది నేనే, ఇదంతా నా వల్లే’ అని కుమిలిపోతాడు. అన్నేళ్లు వార్తలు కత్తిరించినవాడే అలా అనుకోవడం... నాకైతే ఆ కట్టింగులన్నీ చదివాకే అది తగిలింది.

పాతచొక్కా:
మూడోసారి మొదలుపెడతా. పరబ్రహ్మ ఫ్యాక్టరీ మీద మాత్రం నా మాట మారదు.