అప్‌డేట్: హన్మకొండ ఇంటి వంటగది గట్టు ఖరారైంది

గట్టు ఎత్తు 30 అంగుళాలా, 34 అంగుళాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా, 33 దగ్గర తేల్చాం. వంట చేసేవాళ్ల మోచేతి ఎత్తులోంచి 4–6 అంగుళాలు తీసేయమన్న సలహానే పనికొచ్చింది. మా ఇంట్లో మోచేతి ఎత్తు 38 అంగుళాలు, 5 తీసేస్తే 33. ఫ్లోరింగ్ ఇంకా వేయలేదు కాబట్టి ఆ 33 మీద టైల్‌కీ, కింది మాలుకీ 2 అంగుళాలు అదనంగా కలిపాం. లేకపోతే గట్టు పొట్టిదైపోతుంది.

రాయి కరీంనగర్ టాన్ బ్రౌన్ గ్రానైట్, 18 ఎంఎం మందం. అంచు అంగుళం ముందుకు వదిలి, దాని అడుగున కట్టర్‌తో సన్నటి గాడి కొట్టించాం. కారిన నీళ్లు ఆ గాడి దగ్గరే తెగి కింద పడతాయి. గాడి లేకుంటే రాయి అడుగునే లోపలికి పాకి ప్లైవుడ్ తలుపులను ఉబ్బిస్తాయి. అడిగి చేయించుకోవాల్సిందే, మేస్త్రీలు వాళ్లంతట వాళ్లు చేయరు. గోడ కలిసేచోట సిమెంట్ వద్దు, సిలికాన్ సీలెంట్ పెట్టించండి.