పార్కు బెంచీలన్నీ కంపలో కలిసిపోయాయి, జేసీబీ పెట్టించాలా వద్దా?

టవర్‌క్లాక్ దగ్గరోడు:
మాది అనంతపురంలో ఒక పాత కాలనీ, పేరు ఎందుకులెండి. చిన్న పార్కు ఉంది, అందులో తాడిపత్రి బండతో వేసిన బెంచీలు తొమ్మిది. ఇప్పుడు కంటికి కనిపించేవి మూడే, మిగతావి సర్కారు తుమ్మ కంపలో, వయ్యారిభామలో మునిగిపోయాయి. మొన్న మా నాన్న తను రోజూ కూర్చునే బెంచీ దగ్గరికి పోదామని కంపను కట్టెతో పక్కకి నెడుతుంటే ముల్లు హవాయి చెప్పులోంచి దూసుకొచ్చి మడమలో దిగి, అక్కడే విరిగింది. రెండు రోజులు ఆసుపత్రి చుట్టూ తిరిగాం. ఆఫీసులో అర్జీ ఇచ్చి నెలన్నర, "మనుషులు లేరు సార్" అన్న మాట తప్ప ఇంకోటి లేదు. ఆదివారం మీటింగులో సగం మంది తలా రెండొందలు వేసుకుని జేసీబీతో ఒక్క పూటలో నున్నగా చేయిద్దామన్నారు, మిగతావాళ్లు ఊళ్లో ఉన్న పచ్చదనమే కాస్త, అదీ పీకేస్తారా అని గొడవ. మీ దగ్గర ఎవరైనా ఇలా చేయించారా?

ఎర్రనేల:
జేసీబీ మాత్రం వద్దన్నా. రెండేళ్ల కిందట మా వీధి చివర ఖాళీ జాగాలో సరిగ్గా ఇదే చేశాం, ఫోటోలు కూడా దిగాం. మొదటి వాన పడిన పదిరోజులకి చూస్తే కొత్తిమీర మడి చల్లినట్టు వయ్యారిభామ! ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది, అవి మట్టిలో కాచుకుని ఉంటాయి, మనం మట్టి తిరగేసి వాటికి దారిచ్చాం. కంప కూడా అంతే, పైన నరికితే మొదలు నుంచి ఒకటికి నాలుగు కొమ్మలు వస్తాయి, మట్టి తవ్వి వేరు మొదలుతో సహా తీస్తేనే చస్తుంది. పైగా ఆ డ్రైవరు తొందరలో రెండు కానుగ మొక్కలు, ఒక బెంచీ కాలు కూడా లేపేశాడు. ఆ డబ్బులు ఎవరిస్తారని ఇప్పటికీ కొట్లాటే.

వేపకట్ట:
పచ్చగా ఉన్నదంతా చెట్టు కాదు, అడ్డమున్నదంతా కలుపూ కాదు. వేప, కానుగ, రావి ఉంటే వాటి మొదళ్లు ముట్టుకోకండి. నీరు, భూమి, చెట్ల రక్షణకి తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం కింద చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి, అదీగాక ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని ఊళ్లో నీడ మళ్లీ రావాలంటే ఎన్నేళ్లు పడుతుందో మీకే తెలుసు. వయ్యారిభామని పూత రాకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు వేళ్లతో సహా పీకండి. గ్లౌజులు, మాస్కు, పూర్తి చేతుల చొక్కా తప్పనిసరి, ఆస్తమా, చర్మం దురద ఉన్నవాళ్లని అసలు రానివ్వద్దు. బండల సందుల్లో మొలిచినదానికి లీటరు నీళ్లకి రెండొందల గ్రాముల ఉప్పు కలిపి కొట్టొచ్చు, కానీ మొక్కల పాదుల్లో పడిందా అవీ పోతాయి.
అర్జీ విషయానికొస్తే, వార్డు సచివాలయంలో కలుపు, చెత్త సంగతి శానిటేషన్ సెక్రటరీకి, బెంచీలు, లైట్లు అమెనిటీస్ సెక్రటరీకి విడివిడిగా రాయండి. రెండూ ఒకే కాగితం మీద రాస్తే ఆ కాగితం ఇద్దరి మధ్యా తిరుగుతూనే ఉంటుంది.

జొన్నరొట్టె:
అన్నలంతా కంప దగ్గరే ఆగిపోయారు, బెంచీల సంగతి ఎవరూ ఎత్తరేం? నల్ల బండ, పైన నీడ లేదు, మే నెలలో సాయంత్రం ఆరున్నరకి కూర్చుంటే చీర మీంచి కూడా పెనం మీద కూర్చున్నట్టే. ఆనుకోడానికి వెనక ఏమీ ఉండదు, లేవడానికి పట్టుకునేది ఉండదు. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ అందుకే ఆ బెంచీలు వదిలేసి వేపచెట్టు కట్ట మీద కూర్చుంటుంది, ఒక చేయి చెట్టుకి ఆనించి లేస్తుంది. దాత పేరు మాత్రం అడుగెత్తు అక్షరాలతో చెక్కుతారు, ఆ ఖర్చుతో వెనక ఒక పలక రాకపోయేదా?
ఇంకోటి, గేటు పక్క పొదలు మనిషి ఎత్తు పెరిగితే ఆడవాళ్లం చీకటి పడ్డాక లోపలికి రాము. పొదని నడుం ఎత్తుకి కత్తిరించి, చెట్ల కింది కొమ్మలు తల పైదాకా తీసేస్తే రోడ్డు మీంచి లోపల ఎవరున్నారో కనిపిస్తుంది. నీడా పోదు.

టవర్‌క్లాక్ దగ్గరోడు:
అక్కా, ఈ మాట మా మీటింగులో ఒక్కరికీ తట్టలేదు, ఉన్నది అందరూ మగవాళ్లే మరి. జేసీబీ మానేశాం. ఈ ఆదివారం పొద్దున ఆరింటికి కలుపు పీకడం, ఇద్దరు కూలీలతో కంప మొదళ్లు తవ్వించడం. ఎండలో ఉన్న నాలుగు బెంచీలు వేప కిందికి జరపాలనుకున్నాం. నాన్న మాత్రం ముల్లు గుచ్చుకున్న ఆ బెంచీనే కావాలంటున్నాడు, అక్కడి నుంచి కదపొద్దట. సరే, దాని పక్కన ఒక కానుగ నాటుతాం. దగ్గర్లో ఎవరి దగ్గరైనా మంచి గడ్డపార ఉంటే చెప్పండి, మా దానికి మొన వంగిపోయింది.