"సంవత్సరమును నీ దయాకిరీటము ధరింపజేసియున్నావు": కిరీటం ఎవరి తల మీద?

ప్రశ్న:
అందరికీ వందనాలు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో బైబిల్లోని కీర్తనలు 65:11 (శీర్షికలో ఉన్న వాక్యం) వినని తెలుగు క్రైస్తవులు తక్కువ. చర్చి క్యాలెండర్ల మీద, వాగ్దానం కార్డుల (కొత్త ఏడాదికి ఒక్కొక్కరు తీసుకునే వాక్యం చీటీల) మీద ఈ వాక్యమే ఎక్కువగా కనిపిస్తుంది. నాకు రెండు సందేహాలు. కిరీటం పెట్టింది మనకా, సంవత్సరానికా? "ధరింపజేసియున్నావు" అంటే అయిపోయిన పని కదా, రాబోయే ఏడాదికి అది వాగ్దానం ఎలా అవుతుంది? పెద్దలు చెప్పగలరు.

జవాబు:
మంచి ప్రశ్న తమ్ముడూ. చాలా ఏళ్లుగా ఈ కీర్తన చదువుతున్నాను కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

కిరీటం సంవత్సరానికే. ధరింపజేసేవాడు దేవుడు, ధరించేది సంవత్సరం. వాడుకలో అయితే "సంవత్సరానికి కిరీటం పెట్టావు" అంటాం. గ్రాంథికంలో "సంవత్సరమును" అని ఉండేసరికి చెవికి తేడాగా తగిలి, ప్రార్థనలో చాలామంది "ఈ సంవత్సరం నీ దయాకిరీటం మాకు ధరింపజేయుము తండ్రీ" అని మార్చేస్తారు. భక్తితో అనే మాటే, తప్పు పట్టను. కానీ ఆ మార్పులో రెండు సంగతులు పోతున్నాయి. కిరీటం సంవత్సరం తల మీంచి మన తల మీదికి వచ్చింది, కృతజ్ఞత కాస్తా కోరిక అయింది.

రెండో సందేహానికి పక్క వచనాలు కూడా చూడాలి. 9, 10 వచనాల్లో దేవుడు చేసే పనులన్నీ "చున్నావు" అనే నడుస్తాయి: తడుపుచున్నావు, చదును చేయుచున్నావు, పదునుచేయుచున్నావు, ఆశీర్వదించుచున్నావు. పని జరుగుతూనే ఉంది, వాన పడుతూనే ఉంది. 11కి రాగానే ఒక్కసారిగా "ధరింపజేసియున్నావు". ఆ వెంటనే మళ్లీ "నీ జాడలు సారము వెదజల్లుచున్నవి". హీబ్రూలోనూ ఇక్కడ క్రియారూపం ఇలాగే మారుతుంది. హీబ్రూ కవిత్వంలో ఆ రూపం ఎప్పుడూ నిజమయ్యే మాటకూ వాడతారు, అందుకే కొన్ని అనువాదాలు వర్తమానంలో పెట్టాయి. మన అనువాదకులు మాత్రం "చేసి యున్నావు" అన్నారు. పని పూర్తయింది, దాని ఫలితం ఇంకా కళ్లముందే ఉంది, పెట్టిన కిరీటం ఇంకా తల మీదే ఉంది అని అర్థం. నాకు ఈ ఎంపిక చాలా ఇష్టం.

కాబట్టి ఇది చేతికొచ్చిన పంటను చూసి పాడిన పాట. గడిచిన ఏడాదికి కృతజ్ఞతగా చదివితే సరిగ్గా అతుకుతుంది. వాగ్దానంగా చదవకూడదని అనను, నిరుడు తడిపినవాడు ఈ ఏడూ తడుపుతాడన్న నమ్మకం అందులో ఉంది. అయితే ముందు థ్యాంక్స్ చెప్పాక అడగాలి. వాగ్దానం కార్డు తీసుకోగానే "నాకేం వచ్చింది" అని టెన్షన్ పడేవాళ్లను చూస్తే బాధేస్తుంది. వాక్యం జాతకం చీటీ కాదు. జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొరేవియన్లు అనే ప్రొటెస్టంట్ విశ్వాసులు 1728లో రోజుకో వాక్యం ఇచ్చుకోవడం మొదలుపెట్టారు, 1731 నుంచి ఏటా పుస్తకంగా అచ్చు వేస్తున్నారు. అందరూ ఒకే వాక్యాన్ని కలిసి ధ్యానించాలన్నదే ఆ పద్ధతి ఉద్దేశం, ఎవరి అదృష్టం వాళ్లు చూసుకోవాలని కాదు.

కడప జిల్లా నుంచి ఒక అక్క:
10వ వచనంలో "దాని గనిమలను చదును చేయుచున్నావు" అని ఉంది కదా. మా చర్చిలో టౌను పిల్లలు గనిమంటే గని అనుకుంటున్నారు! మా ఊళ్లో పొలం గట్టును ఇప్పటికీ గెనిమ అనే అంటాం. "పదును" కూడా అంతే. కత్తి పదును కాదది. వాన పడి, నేల విత్తనం వేయడానికి తగినంత తడిగా ఉంటే పదునైంది అంటాం. ఎక్కువైతే బురద, తక్కువైతే విత్తనం మొలవదు.

జవాబు:
అక్కా, నేను రాయాల్సింది మీరు రాశారు. "వాన జల్లులచేత దానిని పదునుచేయుచున్నావు" అన్న వాక్యం వ్యవసాయం తెలిసిన చెవికి ఒకలా, తెలియని చెవికి ఇంకోలా వినిపిస్తుంది. దుక్కి, గనిమ, పదును, బీడు, పచ్చికపట్టు: అయిదు వచనాల్లో ఇన్ని పొలం మాటలు. తెలుగు క్రైస్తవ భాష అంటే సంస్కృతం, ఇంగ్లీషు కలిపిన కృత్రిమ భాష అని కొందరు తేలిగ్గా అనేస్తారు. వాళ్లు ఈ కీర్తన చదవాలి.

"జాడలు" గురించి కూడా ఒక మాట. అక్కడున్న హీబ్రూ మాటకు బండి నడిచిన దారి, చక్రాల గాడి అనే అర్థం కూడా ఉంది. దేవుని బండి వెళ్లిన దారి పొడవునా సారం కారుతోందని కొందరు వ్యాఖ్యాతలు చెప్తారు. తెలుగులో బండిజాడ అంటాం కాబట్టి మన మాటలో ఆ బొమ్మ చెడలేదు. హీబ్రూలో "కొవ్వు" అని ఉన్నచోట మనవాళ్లు "సారము" అన్నారు. సారవంతమైన నేల అనే భాషకు ఇంతకన్నా మంచి మాట నాకు తట్టదు.

ఒక తెలుగు మాస్టారు:
నేను క్రైస్తవుణ్ని కాను, వ్యాకరణం వరకే చెప్తాను. దయాకిరీటము రూపక సమాసం, దయ అనే కిరీటం. దయ వల్ల ఇచ్చిన కిరీటం కాదు, దయే కిరీటం. మూలంలోనూ అంతేనా?

జవాబు:
ధన్యవాదాలు మాస్టారూ. మూలంలో "నీ మంచితనపు సంవత్సరానికి కిరీటం పెట్టావు" అనే వరుస ఉంది. అంటే ఏడాదే దయతో నిండింది, దానికి పైన కిరీటం. గ్రీకు అనువాదం కూడా ఈ దారిలోనే వెళ్లింది. తెలుగులో దయ వెళ్లి కిరీటంతో సమాసమైంది. అర్థం కొంచెం జరిగినా మాట నోటికి అందంగా కుదిరింది.

మరొకరు:
అన్నా, పొలాల పాట అంటున్నారు, మరి జనవరి 1న ఎందుకు? ఉగాదికి చదవొచ్చు కదా? మనవాళ్లు కొందరు ఉగాది మాట ఎత్తితేనే ఇబ్బంది పడతారు.

జవాబు:
జనవరి 1 రోమన్ల నుంచి వచ్చింది, బైబిల్లోది కాదు. ఇంగ్లండులో 1751 దాకా చట్టప్రకారం కొత్త ఏడాది మార్చి 25నే మొదలయ్యేది. తూర్పు ఆర్థడాక్స్ సంఘాలకు సంఘ సంవత్సరం సెప్టెంబరు 1న మొదలవుతుంది, ఆ రోజు పాడే పాటలో ఈ 65:11 మాటలే ఉంటాయి. నిర్గమకాండము 12:2లో దేవుడు మోషేతో "ఈ నెల మీకు మొదటిది" అన్న ఆబీబు నెల మార్చి, ఏప్రిల్‌లలో వస్తుంది, ఇంచుమించు మన చైత్రమే. ఆబీబు అంటే లేత యవల కంకి. కాబట్టి వసంతంలో ఏడాది మొదలవడం మన విశ్వాసానికి పరాయిదేం కాదు. పూజ విషయంలో ఎవరి మనస్సాక్షి వాళ్లది. నేనైతే ఉగాది నాడు పక్కింటివాళ్లకు శుభాకాంక్షలు మనస్ఫూర్తిగా చెప్తాను.

మన దగ్గర డిసెంబరు ఆఖరుకి కూడా ఈ పాట బాగానే కుదురుతుంది. డెల్టాలో సార్వా (వానాకాలం వరి) కోతలు అయిపోయి దాళ్వాకు (రెండో పంటకు) నారుమళ్లు పోస్తుంటారు. తెలంగాణలో యాసంగి పనులు మొదలవుతాయి. ఒక పంట ఇంటికి వచ్చింది, ఇంకొకటి నేలలో పడుతోంది.

బాపట్ల వైపు నుంచి ఒక తమ్ముడు:
అన్నా, పంట ఇంటికి రాని ఏడాది ఏం చదవాలి? 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను మా దగ్గరే తీరం దాటింది. కోసిన వరి పనల మీదే తడిసి మొలకెత్తింది. ఆ 31 రాత్రి ఈ వాక్యం చదివితే మా నాన్న తల దించుకుని కూర్చున్నాడు.

జవాబు:
తమ్ముడూ, అందరికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న నీది. నాన్నగారికి నా వందనాలు చెప్పు.

ఆ ఏడాది 11వ వచనంతో మొదలుపెట్టకూడదు. ఈ కీర్తన మొదటి వచనం ఇది: "దేవా, సీయోనులో మౌనముగా నుండుట నీకు స్తుతి చెల్లించుటే." కిరీటం గురించి పాడిన కవే, పాట ఎత్తుకునేటప్పుడు మౌనాన్ని కూడా స్తుతిగా లెక్కపెట్టాడు. నోరు పెగలని మనిషి ఆరాధనలో వెనకబడ్డాడని అనుకోనక్కర్లేదు, పాటలో అతనికే మొదటి చోటు. రెండో వచనంలో "ప్రార్థన ఆలకించువాడా" అన్న పిలుపు ఉంది. మూడో వచనంలో తప్పులు, క్షమాపణ వస్తాయి. వాన సంగతి వచ్చేది తొమ్మిదిలోనే.

మీ చర్చిలో ఈసారి చదివే బాధ్యత నీకు వస్తే, పాస్టరుగారితో మాట్లాడి ఒకటి నుంచి పదమూడు దాకా మొత్తం చదువు. అయిదు నిమిషాలు కూడా పట్టదు. మొదటి వచనం అయ్యాక కాసేపు ఆగు. పంట పోయినవాళ్లు అక్కడి వరకే నీతో రాగలిగితే అక్కడే ఉండనివ్వు, మిగతాది పంట వచ్చినవాళ్లు చదువుతారు.